గిట్‌లో ఫైల్ పేరు మార్పు: అపోహలు - వాస్తవాలు

అపోహ: కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే సాఫ్ట్‌వేర్ గిట్‌లో ‘గిట్ ఎంవీ’ (git mv) కమాండ్‌తో పేరు మారిస్తేనే ఫైల్ చరిత్ర నిలుస్తుంది.

వాస్తవం: 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రూపొందించిన నాటి నుంచీ గిట్ పేరు మార్పును ఎక్కడా నమోదు చేయదు, ప్రతి కమిట్‌లోనూ (మనం భద్రపరిచే ఒక్కో దశలోనూ) ఆ సమయానికి ప్రాజెక్టు మొత్తం ఎలా ఉందన్నదే భద్రమవుతుంది. ఎంవీ కమాండ్ ఫైలును కొత్త పేరుకు మార్చి, తర్వాతి కమిట్‌కు సిద్ధం చేసిన ఫైళ్ల జాబితా అయిన ఇండెక్స్‌లోనూ ఆ మార్పు చేస్తుంది, అంతే. కాబట్టి ఫైల్ మేనేజర్‌లో పేరు మార్చి, పాత ఫైల్ తొలగింపునూ కొత్త ఫైలునూ కలిపి ‘యాడ్’ కమాండ్‌తో ఇండెక్స్‌లో చేర్చినా అదే కమిట్ వస్తుంది. డిఫ్ (రెండు రూపాల మధ్య తేడా) చూపేటప్పుడు మాయమైన ఫైళ్లను కొత్తగా చేరిన వాటితో పోల్చి, మామూలు సెట్టింగుల్లో 50 శాతం పోలిక ఉంటే గిట్ దానిని పేరు మార్పుగా అప్పటికప్పుడు గుర్తిస్తుంది. ఏ ఫైల్ ఎక్కడి నుంచి వచ్చిందో రాసిపెట్టుకునే సబ్‌వర్షన్, మెర్క్యురియల్ అనే ఇదే తరహా సాఫ్ట్‌వేర్‌లు వాడి వచ్చినవారిలో ఈ అపోహ ఉండటం సహజమే.

అపోహ: లాగ్‌లో (కమిట్ల జాబితాలో) పాత కమిట్లు కనబడకపోతే చరిత్ర పోయినట్లే.

వాస్తవం: లాగ్‌కు ‘ఫాలో’ ఆప్షన్ జోడిస్తే పాత పేరుతో ఉన్న కమిట్లూ కనబడతాయి, అయితే అది ఒక్కసారికి ఒక్క ఫైలుకే పనిచేస్తుంది. ఏ లైనును ఎవరు మార్చారో చూపే ‘బ్లేమ్’ కమాండ్‌కు ఆ ఆప్షన్ కూడా అక్కరలేదు.

అపోహ: పేరు మార్పును ఒక కమిట్‌లో, కోడ్ మార్పులను మరొక కమిట్‌లో పెడితే ఇక ఏ చిక్కూ ఉండదు.

వాస్తవం: ఇది మంచి అలవాటే, లాగ్‌కూ రివ్యూ చేసేవారికీ మేలు చేస్తుంది, కానీ బ్రాంచ్‌లను (విడివిడిగా సాగే పని శాఖలను) కలిపే మెర్జ్‌ను కాపాడదు. మెర్జ్ చేసేటప్పుడు గిట్ రెండు బ్రాంచ్‌లు విడిపోయిన చోటునూ వాటి చివరి కమిట్లనూ మాత్రమే పోలుస్తుంది, మధ్యలోని కమిట్లను చూడదు. అందువల్ల పేరు మార్చాక అదే బ్రాంచ్‌లో ఫైలును సగానికి పైగా తిరగరాస్తే, పాత పేరుతో పనిచేసిన సహోద్యోగికి కాన్‌ఫ్లిక్ట్ (గిట్ తనంతట తాను కలపలేని చిక్కు) తప్పదు. స్క్వాష్ చేస్తే, అంటే కమిట్లన్నిటినీ ఒక్కటిగా కలిపేస్తే, విడివిడి కమిట్లే మిగలవు. నా దృష్టిలో సరైన పద్ధతి, పేరు మార్పును ముందుగా అందరికీ ఉమ్మడి అయిన ప్రధాన బ్రాంచ్ ‘మెయిన్’లోకి పంపి, అందరూ దానిని తమ బ్రాంచ్‌లలోకి తెచ్చుకున్నాకే లోపలి కోడ్ ముట్టుకోవడం.

అపోహ: అయితే ఎంవీ కమాండ్ వల్ల ప్రయోజనమే లేదు.

వాస్తవం: ఒక సందర్భంలో ఉంది. విండోస్, మ్యాక్‌లలో ఫైల్ పేర్లలో పెద్ద, చిన్న అక్షరాల తేడాను సాధారణంగా పట్టించుకోరు కనుక, మొదటి అక్షరాన్ని మాత్రమే చేత్తో మారిస్తే గిట్ ఆ మార్పును గమనించకపోవచ్చు. మన కంప్యూటర్‌లో సవ్యంగా నడిచిన బిల్డ్ (కోడ్ నుంచి ప్రోగ్రామ్ తయారీ), ఆ తేడాను పట్టించుకునే లైనక్స్ సర్వర్ మీద ఫైల్ దొరకలేదంటూ ఆగిపోతుంది. అలాంటప్పుడు ఎంవీ వాడాలి, ఫోల్డర్ అయితే మధ్యలో తాత్కాలికంగా వేరే పేరు పెట్టి రెండు అంచెల్లో మార్చాలి.