నాలుగు వేల కాగితం, అడుగున్నర తలుపు: మార్స్ రోవర్ మీద అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒక తండ్రి మా స్కూలుకు వచ్చాడు. నల్లగొండ పక్కనే బత్తాయి తోట ఉన్న రైతు. కూతురు మా దగ్గర తొమ్మిదో తరగతి చదువుతోంది. చేతిసంచిలోంచి లామినేషన్ చేయించిన కాగితం ఒకటి తీసి నా బల్ల మీద పెట్టాడు.

"సార్, మా బిడ్డ పేరు మార్స్ మీదికి పోయిందంట. నాలుగు వేలు కట్టిన. దీంతోని పెద్ద కాలేజీల సీటొస్తదని చెప్పిన్రు. నిజమేనా?"

ఆ కాగితం నాకు కొత్త కాదు. మూడేళ్లుగా ఏడాదికి ఒకటో రెండో చూస్తూనే ఉన్నాను. అంగారకుడి మీదికి పోయే మిషన్లతో మన పేరు పంపుకునే అవకాశం నాసా చాలాసార్లు ఇచ్చింది. వెబ్‌సైట్లో పేరు టైప్ చేస్తే చాలు, విమానం టికెట్ లాంటి ఒక 'బోర్డింగ్ పాస్' వస్తుంది. 2021 ఫిబ్రవరిలో అక్కడి జెజెరో బిలంలో దిగిన పర్సివరెన్స్ రోవర్ (చక్రాల మీద తిరిగే రోబో బండి) మీద అలా 1,09,32,295 పేర్లు ఉన్నాయి. గోరంత ఉండే మూడు చిప్‌ల మీద చెక్కి పంపారు. దీనికి ఫీజు లేదు. దీన్ని చూసి సీటు ఇచ్చే కాలేజీ కూడా ఎక్కడా లేదు.

ఆయన మొహం చూస్తే చెప్పబుద్ధి కాలేదు, కానీ చెప్పాను. బత్తాయి ధర పడిపోయిన ఏడాదిలో నాలుగు వేలంటే ఊరికే రాదు. ఆయన్ని తప్పుపట్టను. బిడ్డ బాగుపడాలని కట్టాడు. నా కోపమంతా ఆ కాగితం అమ్మినవాడి మీద. సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వమన్నాను. "పోనీ సార్, ఎవరితోని పెట్టుకుంటం" అన్నాడు.

అసలు ఆయన ఎందుకు కట్టాడు? మార్స్ సమాచారమంతా ఎక్కడో తాళం వేసిన గదిలో ఉందని, తలుపు తీయించడానికి మధ్యలో ఒక మనిషి కావాలని నమ్మాడు కాబట్టి. 'నాసా దాచిన ఫొటో' అంటూ వీడియోలు పెట్టేవాళ్లు బతికేది కూడా ఈ నమ్మకం మీదే. ఒకడు తాళం చూపించి డబ్బు గుంజుతాడు, ఇంకొకడు తాళం చూపించి వ్యూస్ గుంజుతాడు. రోవర్ల మీద ఉన్న అపోహలన్నిటిలో జనానికి ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే, అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను.

వాస్తవం ఏమిటంటే, తాళం లేదు, గది కూడా లేదు. మార్స్ మీద గేల్ బిలంలో తిరుగుతున్న ఇంకో రోవర్ క్యూరియాసిటీ ఫొటో తీస్తుంది. పైన తిరిగే ఆర్బిటర్లు దాన్ని అందుకుని భూమికి పంపుతాయి. కాలిఫోర్నియాలోనో, స్పెయిన్‌లోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న పెద్ద డిష్‌లు పట్టుకుంటాయి. అక్కడి నుంచి రా ఇమేజ్ నేరుగా నాసా సైట్లోకి వస్తుంది. రంగులు దిద్దరు, అందం చూడరు. ఇసుక, రాయి, సగం నీడ, ఎక్కడైనా కొంత డేటా రాకపోతే నల్లటి గడి, అన్నీ ఉన్నవి ఉన్నట్టే. ఏ సోల్‌లో, అంటే ఏ మార్స్ రోజున, ఏ కెమెరాతో తీశారో పక్కనే రాసి ఉంటుంది. అక్కడి శాస్త్రవేత్త చూసే ఫొటోనే ఇక్కడ మా స్టాఫ్‌రూమ్‌లో మేమూ చూస్తాం. 2012 నుంచి లక్షల ఫొటోలు అలా పడి ఉన్నాయి. లాగిన్ అక్కర్లేదు, ఏజెంట్ అంతకంటే అక్కర్లేదు.

మరి మార్స్ మీద కనబడిందంటూ ఫోన్లలో తిరిగిన ఆ 'తలుపు' ఫొటో సంగతేంటి అంటారు. ఈ ప్రశ్న నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. 2022 మే 7న, క్యూరియాసిటీకి 3466వ సోల్‌న తీసిన ఫొటో అది. కొండవాలులో నున్నగా చెక్కిన ద్వారం, లోపల చీకటి. చూస్తే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది, నాకూ జలదరించింది. కానీ దాని ఎత్తు ఎంత? అడుగు, అడుగున్నర. మా స్కూల్లో ఒకటో తరగతి పిల్లవాడు కూడా వంగి దూరలేడు. ఇసుకరాయిలో నిటారు పగుళ్లు కొన్ని కలిసిన చోట ఒక ముక్క ఊడిపోయింది, అంతే. క్యూరియాసిటీ స్తంభం మీద మాస్ట్‌క్యామ్ పేరుతో రెండు కెమెరాలు ఉంటాయి. ఒకదానికి 34 మి.మీ. లెన్సు, రెండోదానికి 100 మి.మీ. లెన్సు. రెండోదానితో తీస్తే దూరపు రాయి ముంగిట్లో ఉన్నట్టు కనిపిస్తుంది. పక్కన మనిషి లేడు, చెట్టు లేదు, కరెంటు స్తంభం లేదు. కొలత లేని చోట మన కన్ను తన కొలత తాను పెట్టుకుంటుంది. తలుపు ఆకారం కనబడితే తలుపంత అనుకుంటుంది.

దీనికి మందు చక్రం జాడ. క్యూరియాసిటీ చక్రం వెడల్పు 40 సెం.మీ. ఇసుకలో దాని జాడ ఎక్కడ కనిపించినా మీ చేతిలో స్కేలు ఉన్నట్టే. ఆ చక్రాలకు కావాలనే రంధ్రాలు పెట్టారు, నేల మీద అవి చుక్కలు, గీతలుగా అచ్చు పడతాయి. మోర్స్ కోడ్‌లో చదివితే జె, పి, ఎల్ అని వస్తుంది, రోవర్‌ని తయారుచేసిన ల్యాబ్ పేరు. సరదాకి పెట్టింది కాదు. తను ఎంత దూరం కదిలిందో రోవర్ ఆ అచ్చుల్ని చూసి సరిచూసుకుంటుంది. ఎముక, బల్లి, బొమ్మ విగ్రహం, ఏం కనబడిందని ఎవరు చెప్పినా నేను మొదట అడిగేది "సోల్ నంబరెంత, పక్కన జాడ ఉందా" అనే. అక్కడితో సగం మంది ఫోన్ జేబులో పెట్టేసుకుంటారు.

నల్లగొండ లతీఫ్ సాహెబ్ గుట్ట కింద పెరిగిన మనకు ఇది చెప్పాలా? ఈ జిల్లాలో ఏ గుట్ట చూసినా ఒక ఏనుగు, ఒక తాబేలు, ఒక పడుకున్న ముసలాయన కనిపిస్తారు. వాళ్లను ఎవరో చెక్కారని మనం అనుకోం కదా.

మిగతావి గబగబా చెప్పేస్తాను. రోవర్‌ని జాయ్‌స్టిక్‌తో నడుపుతారనుకుంటారు. కుదరదు. సిగ్నల్ అటు చేరడానికే మూడు నుంచి ఇరవై రెండు నిమిషాలు పడుతుంది. రోజు పనంతా ముందే రాసి పంపుతారు, అది లేచి చేసుకుంటుంది. చదునైన నేల మీద కూడా క్యూరియాసిటీ వేగం గంటకు 140 మీటర్లు, ఎడ్లబండి నయం. 2025 నాటికి అది తిరిగింది సుమారు 35 కిలోమీటర్లు. అది ఉన్న గేల్ బిలం అడ్డం 154 కిలోమీటర్లు, మహబూబ్‌నగర్ నుంచి నల్లగొండకు తిన్నగా గీత గీస్తే అందులో పట్టేస్తుంది.

రోవర్ ఫొటో తీసిందెవరు అని ఇంకో ప్రశ్న. చేయి చాచి అదే తీసుకుంది. పదుల కొద్దీ ఫొటోలు అతికిస్తారు కాబట్టి చేయి కనబడదు. ఆగస్టు 27న మార్స్ చందమామ అంత కనబడుతుందనే వాట్సాప్ మెసేజ్ 2003 నాటి వార్తకు పుట్టిన చెత్త, డిలీట్ చేయండి. మన ప్రజ్ఞాన్ తిరిగింది చంద్రుడి మీద, మంగళయాన్ తిరిగింది అంగారకుడి చుట్టూ. రెండూ కలిపేయకండి.

ఆపర్చునిటీ రోవర్ చివరి మాటగా ఒకటి తిరుగుతుంటుంది, బ్యాటరీ అయిపోతోంది, చీకటి పడుతోంది అని. పిల్లలు అది చదివి ఏడుస్తారు. రోవర్ అలా అనలేదు. 2018 జూన్‌లో దుమ్ము తుఫాను సూర్యుణ్ణి కమ్మేస్తే కరెంటు ఎంత వస్తోంది, ఆకాశం ఎంత మసకగా ఉంది అని అంకెలు పంపి ఆగిపోయింది. ఆ అంకెల్ని ఒక విలేఖరి మన భాషలోకి మార్చాడు. తొంభై రోజులకని పంపితే పద్నాలుగేళ్లు పనిచేసిన బండి కాబట్టి ఏడ్చినా తప్పులేదు. నేనూ ఆ రోజు క్లాసులో సరిగా పాఠం చెప్పలేకపోయాను.

కుజదోషం సంగతి కూడా అడుగుతారు, నవ్వకండి. రోవర్ దిగింది కదా, మా అమ్మాయికి దోషం ఏమైనా తగ్గుతుందా సార్ అని ఒక తల్లి నిజంగానే అడిగింది. మూడు సంబంధాలు తప్పిపోయిన ఇల్లు అది. వాదించలేదు. "ఆ రాళ్లకు మీ అమ్మాయి ఎవరో తెలియదమ్మా" అన్నాను. కాసేపు కూర్చుని టీ తాగి పోయింది.

మళ్లీ ఆ బత్తాయి రైతు దగ్గరికి. నాలుగు వేలు తిరిగి ఇప్పించలేను కదా, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఆ రోజు వచ్చిన ఫొటోలు తెరిచాను. బిడ్డ కూడా వచ్చి నిలబడింది. క్యూరియాసిటీ రాళ్ల మీద లేజర్ కొట్టి, ఎగిసిన వెలుగును బట్టి అందులో ఏముందో చెబుతుందని చూపిస్తూ, గేల్ బిలం రాళ్లలో ఫ్లోరిన్ కూడా దొరికిందని, 2015లో ఆ సంగతి బయటపెట్టారని మాటవరసకు అన్నాను. ఆ పిల్ల వాళ్ల అమ్మమ్మది మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి చేతులు కాళ్లు వంకర్లు పోయిన మనుషుల్ని చూస్తూ పెరిగింది.

"సార్, మరి అక్కడ చెరువుండె అన్నరు కదా. ఆ నీళ్లు తాగితే మా తాత లెక్కనే అయితుండెనా?"

పదిహేనేళ్లుగా ఎన్నో స్కూళ్లలో మార్స్ గురించి చెప్పాను. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. మన దగ్గర గ్రానైటులోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ బోరునీళ్లలోకి దిగుతుంది, నీళ్లు రాయితో ఎంతకాలం కలిసి ఉంటే అంత ఎక్కువగా. అక్కడ మూడున్నర వందల కోట్ల ఏళ్ల కింద చెరువు ఉండేది. రాయిలో ఉన్నది నీళ్లలోకి ఎంత దిగిందన్నది వేరే లెక్క. నాకు తెలిసింది ఇంతేనని చెప్పాను. ఆ తండ్రి మధ్యలో ఒక్క మాటా మాట్లాడకుండా స్క్రీన్ వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఇప్పుడా పిల్ల పొద్దున ప్రేయర్ కంటే ముందే వచ్చి కొత్త సోల్ ఫొటోలు చూసి పోతోంది. నిన్న నోట్‌బుక్‌లో ఒక లెక్క తెచ్చింది. చక్రం జాడతో పోల్చి పక్కనున్న రాయి 22 సెంటీమీటర్లు అని తేల్చింది. నేను కొలిస్తే 25 వచ్చింది. తప్పు ఎవరిదో ఇంకా తేలలేదు.