కొండ ఊరిలో ఇల్లు: చెన్నై తెలుగువారి అపోహలు, వాస్తవాలు

చెన్నైలో స్థిరాస్తి పత్రాలను పరిశీలించి కొనవచ్చో లేదో చెప్పడం నా వృత్తి. నా వద్దకు వచ్చేవారిలో ఎక్కువమంది రెండు మూడు తరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలవారు. ఏటా వేసవి సెలవులు ముగిశాక ఊటీ, కూనూరు, కోటగిరి, కొడైకెనాల్, ఏర్కాడులలో చూసివచ్చిన స్థలాల పత్రాల నకళ్లతో పలువురు వస్తారు. వారిలో కొందరు అప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటారు. తమిళం ధారాళంగా మాట్లాడే మనవారిలో చాలామందికి దస్తావేజుల తమిళం చదవడం రాదు కనుక, బ్రోకరు నోటిమాటగా చెప్పిన సారాంశమే వారికి ఆధారమవుతోంది. అందుకే తరచుగా వినే కొన్ని నమ్మకాలను తీసుకుని, వాటి వెనుక ఉన్న అసలు సంగతిని రాస్తున్నాను.

అపోహ: రిజిస్ట్రేషన్ అయిందంటే ఇల్లు కట్టుకోవచ్చు.

వాస్తవం: రిజిస్ట్రేషన్ ఆస్తి చేతులు మారిన విషయాన్ని నమోదు చేస్తుందే తప్ప, ఆ నేలపై ఇటుక పేర్చే హక్కు ఇవ్వదు. ఈ మాట మైదానంలోనూ నిజమే. అయితే అక్కడ లోపం బయటపడిన తరువాత సరిదిద్దుకునే దారులు కొన్ని ఉంటాయి, కొండమీద ఆ దారులు చాలా తక్కువ. తమిళనాడు ప్రభుత్వం 1990లో కొండ ప్రాంతాల పరిరక్షణ సంస్థను ఏర్పాటు చేసింది. కార్యాలయాలలో దానిని ‘హాకా’ అంటారు. దాని పరిధిగా ప్రకటించిన గ్రామాలలో లే అవుట్లకు, నిర్ణీత పరిమాణం దాటిన కట్టడాలకు ఆ సంస్థ సమ్మతి ఉండాలి. ఆ సమ్మతికి ముందు అటవీ, భూగర్భ గనుల, వ్యవసాయ ఇంజనీరింగు శాఖలు తమ తమ అభిప్రాయాలు ఇవ్వాలి. దీనికి తోడు కొండ పట్టణాలకు ప్రత్యేక భవన నిబంధనలు ఉన్నాయి. నీలగిరి జిల్లాలో కట్టడం ఎత్తు 7 మీటర్లకు మించరాదు కనుక, మూడంతస్తుల ఇల్లు కట్టి పై అంతస్తు అద్దెకిద్దామనే ఆలోచన కాగితం మీదే ఆగిపోతుంది.

ఇంతకన్నా లోతైన చిక్కు ఒకటుంది. 1949 నాటి ప్రైవేటు అడవుల పరిరక్షణ చట్టం కింద ప్రకటించిన భూమిని, అది పూర్తిగా ప్రైవేటు పట్టా భూమే అయినా, కలెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీ ముందస్తు మంజూరు లేకుండా అమ్మితే ఆ అమ్మకమే చెల్లదు. ఆస్తిపై నమోదైన లావాదేవీలను చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్)లో ఈ విషయం కనిపించదు. సర్వే నంబరును ఆ ప్రకటన జాబితాతో సరిచూస్తేనే బయటపడుతుంది. సొంత నేలలోని చెట్టును కొట్టడానికి కూడా 1955 నాటి కొండ ప్రాంతాల వృక్ష పరిరక్షణ చట్టం కింద అనుమతి తీసుకోవలసి రావచ్చు. స్థలం చూపించేటప్పుడు ‘ఈ నాలుగు చెట్లు తీసేస్తే లోయ మొత్తం కనబడుతుంది సార్’ అనే మాట ఎంత తేలికగా అంటారో, ఆ పని అంత కష్టం.

అపోహ: టీ ఎస్టేటులో చిన్న వాటా కొంటే అది మన సొంత ఫార్మ్ ప్లాటు అవుతుంది.

వాస్తవం: ఇటీవల నా బల్లమీదకు ఎక్కువగా వస్తున్న పత్రాలు ఇవే, నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నవీ ఇవే. ప్రకటనలో రంగుల గీతలతో విడగొట్టిన ప్లాట్లు, వాటికి నంబర్లు, మధ్యలో దారులు, చివర ఒక క్లబ్బు భవనం కనిపిస్తాయి. దస్తావేజులో మాత్రం ‘ఇంత విస్తీర్ణంలో విభజన కాని ఇంత వాటా’ అని ఉంటుంది. అంటే ఏ మూల మీకు చెందుతుందో చట్టం దృష్టిలో తేలలేదు. సర్వే శాఖ క్షేత్రపటంలో మీ ప్లాటుకు హద్దు ఉండదు. పట్టా ఉమ్మడి పేర్ల మీద నడుస్తుంది. మీరు అమ్ముకోవాలన్నా, బ్యాంకు రుణం తీసుకోవాలన్నా మిగిలిన వాటాదారులందరి ప్రస్తావన వస్తుంది.

తమిళనాడు 1961 నాటి భూ పరిమితి చట్టంలో తేయాకు, కాఫీ వంటి తోటలకు మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు అది తోటగా ఉన్నంతవరకే వర్తిస్తుంది. పొదలు పీకి ఇళ్లు కట్టడం మొదలైతే పరిమితి లెక్క మళ్లీ తెరమీదకు రావచ్చు. ఇక స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే ‘రెరా’ చట్టం విషయం. 500 చదరపు మీటర్లకు లేదా 8 యూనిట్లకు మించని ప్రాజెక్టులకు రెరా రిజిస్ట్రేషన్ అవసరం లేదు. ఎస్టేటు ముక్కలు అమ్మేవారు తమది లే అవుటే కాదని, వ్యవసాయ భూమి అని చెప్పి దాని పరిధిలోకి రారు. వ్యవసాయ భూమి అన్నమాట నిజమైతే అక్కడ ఇల్లు కట్టడానికి వీలుండదు, ఇల్లు కట్టుకోవచ్చు అన్నమాట నిజమైతే అనుమతి పొందిన లే అవుటు ఉండి తీరాలి. ఈ రెండింటిలో ఏది నిజమో అమ్మేవారి చేత రాతపూర్వకంగా చెప్పించండి. స్టాంపు డ్యూటీ 7 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం కట్టిన తరువాత ఆ ప్రశ్న అడిగి ప్రయోజనం లేదు.

అపోహ: పట్టా అమ్మేవారి పేరు మీదే ఉంది, ఇక భయం లేదు.

వాస్తవం: పట్టా మొదట ఎవరికి, ఏ షరతు మీద వచ్చిందో చూడాలి. అణగారిన వర్గాలకు బ్రిటిషు కాలం నుంచి కేటాయించిన పంచమి భూములను ఇతరులు కొంటే ఆ కొనుగోలు నిలవదు. గూడలూరు తాలూకాలో 1969 నాటి జన్మం (వంశపారంపర్య భూస్వామ్య హక్కు) ఎస్టేట్ల రద్దు చట్టం కిందికి వచ్చిన భూముల వివాదాలు దశాబ్దాలుగా నడుస్తున్నాయి. మసినగుడి వైపు సీగూరు పీఠభూమిలో 2010లో ప్రకటించిన ఏనుగుల మార్గాన్ని 2020 అక్టోబరు 14న సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ మార్గంలో పట్టా భూములలో కట్టిన రిసార్టులు కూడా మూతపడవలసి వచ్చింది. అక్కడి యజమానులలో పట్టా చేతిలో ఉన్నవారు లేకపోలేదని గుర్తుంచుకోవాలి.

‘అయితే మన ఆంధ్రలోనే, అరకులోనో లంబసింగిలోనో కొంటాం’ అని కొందరు అంటారు. అవి షెడ్యూల్డు ప్రాంతాలు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, 1970 సవరణ ప్రకారం అక్కడి భూమిని గిరిజనేతరులు కొనలేరు. బినామీ పేరుతో కొనిపెడతామన్నవారి మాట వినకండి. అది చెల్లకపోవడం ఒక సంగతి, ఒక గిరిజన కుటుంబం భూమిని లాక్కోవడం మరో సంగతి.

అపోహ: నీళ్లకేముంది, బోరు వేయించుకుంటాం.

వాస్తవం: నీలగిరిలో బోరు వేయడంపైన, జేసీబీతో నేల తవ్వడంపైన జిల్లా యంత్రాంగం ఆంక్షలు విధించింది. అంత వాన కురిసే ఊళ్లలో కూడా వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధులు ఉన్నాయి. మున్సిపల్ కొళాయి కనెక్షను రసీదు, వాననీటి ట్యాంకు సామర్థ్యం, ఈ రెండూ చూడకుండా ఇంటి ధర మాట్లాడకండి.

అపోహ: అంచున ఉన్న స్థలమే విలువైనది.

వాస్తవం: లోయ అందం కనిపించేది వాలు ఎక్కువగా ఉన్నచోటే, నేల జారేదీ అక్కడే. 2009 నవంబరులో నీలగిరిలో కొండచరియలు విరిగిపడి 40 మందికి పైగా చనిపోయారు. ఊటీకి పడమర వైపు, గూడలూరు వైపు నైరుతి రుతుపవనాలు ఎక్కువ వాన ఇస్తే, కూనూరు, కోటగిరులకు ఈశాన్య రుతుపవనాలే ముఖ్యం. మేలో స్థలం చూసి నిర్ణయించుకునేవారికి ఈ రెండూ కనిపించవు. కూనూరు వైపు కొనేవారు నవంబరులో వెళ్లి, రక్షణ గోడలో నీరు బయటకు పోయే రంధ్రాలు పనిచేస్తున్నాయో లేదో, పై స్థలం నీరు ఎటు దిగుతోందో చూడాలి. వాలును నిలువుగా కోసి చదును చేసిన స్థలం ఎంత చవకైనా వద్దని నేను గట్టిగా చెబుతాను.

అపోహ: హోమ్‌స్టేగా ఇస్తే నెల వాయిదా దానంతటదే తీరిపోతుంది.

వాస్తవం: నివాసంగా అనుమతి పొందిన ఇంటిని లాడ్జిగా నడిపితే అధికారులు సీలు వేస్తారు, వేశారు కూడా. పైగా ఏప్రిల్, మే నెలల రద్దీని పన్నెండుతో గుణించి ఆదాయం లెక్కవేయడం పొరపాటు. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి నీలగిరికి, కొడైకెనాల్‌కు ఈ-పాస్ (పర్యాటకుల వాహనాలకు ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవలసిన అనుమతి) వచ్చింది. 2025 వేసవిలో నీలగిరికి పనిదినాలలో రోజుకు 6,000, వారాంతాలలో 8,000 వాహనాలకే అనుమతి ఇచ్చారు. అదే సీజనును నమ్ముకుని తీసుకున్న రుణానికి ఇది నేరుగా తగిలే దెబ్బ.

అపోహ: పదవీ విరమణ తరువాత ప్రశాంతంగా బతకడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

వాస్తవం: కొందరికి నిజంగానే ఇది మంచి నిర్ణయం, నేను దానిని ఎప్పుడూ అడ్డుకోను. అయితే ఊటీ సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి రాత్రులలో గడ్డి మీద మంచు గడ్డకడుతుంది, వానాకాలంలో గోడలు చెమ్మగిల్లి బీరువాలో బట్టలు బూజు పడతాయి. కీళ్లనొప్పులు, ఉబ్బసం ఉన్నవారికి ఆ గాలి పడకపోవచ్చు. కూనూరు, కోటగిరి వీధులలో సాయంత్రం అడవిదున్నలు తిరగడం మామూలు కనుక చీకటి పడ్డాక నడకకు వెళ్లే అలవాటు మానుకోవాలి. గుండెకు, మెదడుకు సంబంధించిన అత్యవసర చికిత్సకు ఇప్పటికీ చాలా కుటుంబాలు ఘాట్ రోడ్డు దిగి, ఊటీ నుంచి 85 కిలోమీటర్లకు పైగా ఉన్న కోయంబత్తూరుకే వెళుతున్నాయి. అందువల్ల వృద్ధులైన దంపతులకు నేను చెప్పేది ఒకటే: ముందు నవంబరు నుంచి జనవరి వరకు అక్కడ ఇల్లు అద్దెకు తీసుకుని ఉండండి, మీరు వాడే మందులు దొరికే దుకాణం, రాత్రి పిలిస్తే వచ్చే డాక్టరు, వానలో కూడా నడిచే టాక్సీ ఉన్నాయో లేదో చూసుకోండి, ఆ తరువాతే నాకు పత్రాలు పంపండి.