® ఎక్కడ, ™ ఎక్కడ: ట్రేడ్‌మార్క్ గుర్తులపై అపోహలు - వాస్తవాలు

పచ్చళ్ల పౌచ్ మీద, టిఫిన్ సెంటర్ బోర్డు మీద, విజిటింగ్ కార్డు మీద పేరు చివర ® కనిపిస్తుంది. చాలాసార్లు అది యజమాని అడిగి పెట్టించింది కాదు. డిజైనర్ అందం కోసం పెడతాడు, లేదా ప్రింటర్ పాత ఫైల్లోంచి అలాగే తెచ్చేస్తాడు. కానీ ఆ గుర్తు చెప్పే మాట చాలా కచ్చితమైనది: ఈ మార్కు, ఈ సరుకుకు, ఈ దేశపు రిజిస్టర్లో, ఈ రోజున నమోదై ఉంది. ఇందులో ఏ ఒక్కటి తప్పినా ® అబద్ధం చెబుతున్నట్టే. ™ అలా కాదు, ‘ఈ పేరును మా మార్కుగా వాడుతున్నాం’ అని మాత్రమే చెబుతుంది, దానికి నమోదు అక్కర్లేదు.

అపోహ: అప్లికేషన్ నంబరు వచ్చేసింది, ఇక ® వేసుకోవచ్చు.

వాస్తవం: ట్రేడ్‌మార్క్ దరఖాస్తు ఫారం టీఎం-ఏ ఆన్‌లైన్‌లో వేసి ఫీజు కట్టగానే నంబరు వస్తుంది. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు ఒక్కో క్లాసుకు (సరుకుల, సేవల వర్గానికి) 4,500 రూపాయలు, మిగతావారికి 9,000. ఆ నంబరు రసీదు లాంటిది, అంతే. తర్వాత పరిశీలన జరుగుతుంది. అభ్యంతరాలు వస్తే నెల రోజుల్లో జవాబివ్వాలి. అవి తీరాక మార్కు ట్రేడ్‌మార్క్స్ జర్నల్లో అచ్చవుతుంది. అక్కడి నుంచి నాలుగు నెలలు ఎవరైనా వ్యతిరేకించవచ్చు. ఆ గడువు కూడా దాటాకే సర్టిఫికెట్. ఆన్‌లైన్ స్టేటస్‌లో ‘యాక్సెప్టెడ్ అండ్ అడ్వర్టైజ్డ్’ అని కనబడగానే పని అయిపోయిందనుకుని పౌచ్‌లు అచ్చు వేయించేవాళ్లు ఎక్కువ. అప్పటికి వ్యతిరేకించే గడువు మొదలైందంతే. ‘రిజిస్టర్డ్’ అన్న మాట కనిపించేదాకా ™ తోనే ఉండాలి.

దీనికి ఒక తెలివైన వాదన వినిపిస్తుంటుంది: రిజిస్ట్రేషన్ దరఖాస్తు తేదీ నుంచే వర్తిస్తుంది కదా, మరి ఇప్పుడే ® పెడితే తప్పేముంది? 1999 నాటి ట్రేడ్‌మార్క్స్ చట్టం 23వ సెక్షన్ ప్రకారం తేదీ వెనక్కి వెళ్లే మాట నిజమే. అయినా ఈరోజు రిజిస్టర్లో లేని మార్కును ఈరోజు ఉన్నట్టు చూపడం ఈరోజు తప్పే. పైగా ఆ దరఖాస్తు తిరస్కరణకు గురైతే వెనక్కి వెళ్లడానికి తేదీయే ఉండదు.

అపోహ: ® తప్పుగా వేసినా ఎవరూ పట్టించుకోరు.

వాస్తవం: అదే చట్టంలోని 107వ సెక్షన్ సరిగ్గా దీనికోసమే ఉంది. ఇంతకుముందు మూడేళ్ల వరకు జైలు, జరిమానా ఉండేవి. 2023 జన్ విశ్వాస్ సవరణ చట్టం జైలును తీసేసి, ముందటి ఆర్థిక సంవత్సరపు ఆడిట్ అయిన టర్నోవర్‌లో అర శాతం లేదా అయిదు కోట్లు, ఏది తక్కువైతే అది పెనాల్టీగా పెట్టింది. రెండు కోట్ల టర్నోవర్ ఉన్న వ్యాపారానికి లక్ష రూపాయలన్నమాట. మా దృష్టిలో అసలు దెబ్బ ఇంకోచోట పడుతుంది. మీ పేరును ఎవరో కాపీ కొట్టారని, వాడకుండా ఆపే ఉత్తర్వు (ఇంజంక్షన్) కోసం కోర్టుకు వెళ్తే, అవతలి లాయర్ మీ పాత పౌచ్ తీసి జడ్జి ముందు పెడతాడు. రిజిస్ట్రేషన్ రాకముందే ® వేసుకున్నవాడు నిజాయితీ గురించి మాట్లాడుతున్నాడంటాడు.

అపోహ: ఒకసారి రిజిస్టర్ అయితే ఆ పేరుతో అమ్మే ప్రతి సరుకు మీదా ® వేయొచ్చు.

వాస్తవం: మనవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. సరుకులకు 34, సేవలకు 11, మొత్తం 45 క్లాసులు. పచ్చళ్లు 29లోకి వస్తాయి. కారం, మసాలా పొడులు 30లోకి. అదే పేరుతో హోటల్ పెడితే 43. ఆవకాయ సీసాకి 29లో రిజిస్ట్రేషన్ తెచ్చుకుని, అదే లోగోను ®తో సహా కారం ప్యాకెట్ మీదికి ఎక్కించారనుకోండి. నమోదు కాని సరుకుకు నమోదైనట్టు చూపడం కూడా 107లో పేరుపెట్టి చెప్పిన తప్పే. సర్టిఫికెట్ దగ్గర పెట్టుకుని క్లాసు ఒక్కటే కాదు, అందులో రాసిన సరుకుల జాబితా కూడా చదవండి. జాబితాలో లేని సరుకుకు ™ వేసి, ఆ క్లాసులో కొత్త దరఖాస్తు పెట్టండి.

మార్కులో ఒక ముక్క విషయంలోనూ ఇదే సూత్రం. బొమ్మ, పేరు, అంచు డిజైన్ కలిపి మొత్తం లేబుల్‌ను రిజిస్టర్ చేయించి, అందులోంచి పేరు ఒక్కటి తీసి పక్కన ® పెట్టకూడదు. పేరును విడిగా వర్డ్ మార్కుగా, అంటే బొమ్మలేని ఉత్త పేరుగా, రిజిస్టర్ చేయించి ఉంటేనే ఆ హక్కు.

తెలుగు లిపి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. చాలామంది ఇంగ్లిష్ అక్షరాల్లోనే రిజిస్టర్ చేయించి, బోర్డు మీద తెలుగులో రాసి ® పెడతారు. రిజిస్టర్లో ఉన్నదీ బోర్డు మీద ఉన్నదీ చూపుకు ఒకటి కావు. కాబట్టి తెలుగు రూపానికి ™ వేయడం క్షేమం. తెలుగు పేరే మీ అసలు గుర్తింపు అయితే దాన్ని విడిగా దరఖాస్తు చేయండి. ఆ పేరు ఎలా పలుకుతారో, దాని అర్థమేమిటో ఫారంలో రాయాల్సి ఉంటుంది. లోగో బొమ్మ అప్‌లోడ్ చేసేటప్పుడు దాని మీద ™, ® లేకుండా చూడండి. అవి మార్కులో భాగం కావు.

అపోహ: ఇండియాలో రిజిస్టర్ అయింది కాబట్టి అమెరికా పార్సిల్ మీద కూడా ® ఉండొచ్చు.

వాస్తవం: ఉండకూడదు. అమెరికాలో ® అంటే అక్కడి పేటెంట్ అండ్ ట్రేడ్‌మార్క్ ఆఫీసులో నమోదైందని అర్థం. డాలస్‌కో, న్యూజెర్సీకో వెళ్లే పచ్చళ్ల సీసాకు అక్కడి రిజిస్ట్రేషన్ లేకపోతే ™ లేబుల్ వేరుగా వేయించాలి. తిరగేసి చూస్తే, అమెరికాలో మాత్రమే నమోదైన మార్కును కేవలం అక్కడికి ఎగుమతయ్యే సరుకు మీద ®తో ఇక్కడ అచ్చు వేయించడానికి మన చట్టం ఒప్పుకుంటుంది. ఆ సరుకు మిగిలిందని లోకల్ షాపులో పెడితే మాత్రం చిక్కే.

అపోహ: ™ వేయాలంటే అనుమతి కావాలి, వేస్తే పేరు మనదైపోతుంది.

వాస్తవం: రెండూ కాదు. ™ ఎవరైనా వేసుకోవచ్చు. ‘ఈ పేరును మా మార్కుగా వాడుతున్నాం’ అన్న ప్రకటన అది. రిజిస్ట్రేషన్ లేకుండా పేరు మీది అనిపించుకోవాలంటే వాడకం, బిల్లులు, ప్రకటనలు చూపి పాసింగ్ ఆఫ్ (తమ సరుకును మీ సరుకుగా చలామణి చేస్తున్నారన్న దావా) కింద పోరాడాలి. వేరొకరి రిజిస్టర్డ్ పేరుకు ™ తగిలిస్తే రక్షణేమీ దొరకదు. కంపెనీ ఇన్‌కార్పొరేషన్, జీఎస్టీ, ఫుడ్ లైసెన్సు కూడా ®కి హక్కు ఇవ్వవు. సేవలకు వాడే ℠ గుర్తు మన దగ్గర అవసరం లేదు, ™ చాలు.

అపోహ: ® ఒకసారి వచ్చిందంటే శాశ్వతం.

వాస్తవం: పదేళ్లు. అదీ సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజు నుంచి కాదు, దరఖాస్తు తేదీ నుంచి. గడువుకు ముందు ఏడాదిలో రెన్యువల్ ఫారం టీఎం-ఆర్ వేయాలి. దాటితే ఆరు నెలల్లోపు అదనపు రుసుముతో, ఆ తర్వాత గడువు తీరి ఏడాది నిండేలోపు పునరుద్ధరణతో కాపాడుకోవచ్చు. రిజిస్టర్లోంచి తీసేశాక కొత్త అచ్చులో ® ఉండకూడదు.

ఇక అచ్చు పని. గుర్తును పేరు కుడివైపు పైమూలన చిన్నగా వేస్తే చాలు. పేరు వచ్చిన ప్రతిచోటా అవసరం లేదు, ముందు వైపు ప్రధానంగా కనిపించే చోట ఒకసారి సరిపోతుంది. పౌచ్‌లు అచ్చువేసే గ్రావ్యూర్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకు ఒక్కో సిలిండర్ ఉంటుంది. దరఖాస్తు నడుస్తున్నప్పుడే పౌచ్ చేయిస్తుంటే, ™ ను ఒకే రంగులో, వీలైతే నలుపులో పెట్టించండి. రేపు ®కి మారినప్పుడు ఆ ఒక్క సిలిండర్ మారిస్తే పని జరుగుతుంది. కంప్యూటర్లో ఆల్ట్ నొక్కిపట్టి కుడివైపు నంబర్ ప్యాడ్‌లో 0174 కొడితే ®, 0153 కొడితే ™. అను వంటి పాత తెలుగు ఫాంట్లలో అదే చోట ఏదో ఒత్తో, అక్షరం ముక్కో పడవచ్చు. ఆ ఒక్క గుర్తు వరకు ఏరియల్‌కి మార్చి, ప్రూఫ్‌లో కళ్లతో చూసుకున్నాకే అచ్చుకు ఇవ్వండి.