ఒకే మొక్క, రెండు బతుకులు

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. సిద్ధబీజదం, సంయోగబీజదం అన్న మాటల దగ్గర బుర్ర తిరిగిపోతోందనీ, ఏది ఏదో ఎంత చదివినా గుర్తుండట్లేదనీ రాశారు. బట్టీ పట్టబోతే ఎవరికైనా అంతే. ఆ రెండు మాటల వెనక 47 కోట్ల ఏళ్ల కథ ఉంది. అది తెలిశాక ఇక మర్చిపోవడమే కష్టం. మొక్కల శాస్త్రం మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇది, అందుకే ఉత్తరం కాస్త పొడుగవుతుంది.

ఫెర్న్ మొక్కతో మొదలుపెడదాం. ముదిరిన ఆకును తిరగేసి చూస్తే అడుగున గోధుమ రంగు చుక్కలు కనిపిస్తాయి. ఒక్కో చుక్క బోలెడన్ని బుల్లి తిత్తుల గుంపు. తిత్తి నిండా పొడిలాంటి సిద్ధబీజాలు, చాలా ఫెర్న్‌లలో తిత్తికి 64. తిత్తి వీపు మీదుగా మందపాటి గోడలున్న కణాల పట్టీ ఒకటి ఉంటుంది. గాలి పొడిగా ఉన్నప్పుడు ఆ కణాల్లో నీరు ఆవిరవుతూ పట్టీ వెనక్కి వంగుతుంది, తిత్తి చీలుతుంది. ఇంకా ఇంకా వంగి, ఇక తట్టుకోలేని క్షణంలో పట్టీ ఒక్క ఉదుటున ముందుకు వచ్చి, వడిసెలతో రాయి విసిరినట్టు సిద్ధబీజాలను గాలిలోకి విసురుతుంది. భూతద్దం కింద దీన్ని చూడగలిగితే తప్పకుండా చూడండి.

సిద్ధబీజం తడినేల మీద పడి మొలుస్తుంది. మొలిచాక వచ్చేది ఫెర్న్ కాదు! గోరంత కూడా లేని, పల్చటి, హృదయాకారపు ఆకుపచ్చ రేకు ఒకటి వస్తుంది. దానికి కాండం లేదు, నిజమైన వేర్లు లేవు. అయినా అది వేరే మొక్కే. తన తిండి తానే తయారు చేసుకుంటుంది, తన బతుకు తానే బతుకుతుంది. దాన్ని ప్రథమాంకురం అంటారు. దాని అడుగుభాగాన స్త్రీబీజాలు, పురుషబీజాలు తయారవుతాయి. వాన పడో మంచు కురిసో పల్చటి నీటిపొర ఏర్పడ్డప్పుడు పురుషబీజాలు అందులో ఈదుకుంటూ వెళ్లి స్త్రీబీజాన్ని చేరతాయి. ఆ కలయికలోంచి, ఆ రేకు మీదే, మనం ఎరిగిన ఫెర్న్ లేస్తుంది. 

సిద్ధబీజాలనిచ్చే పెద్ద ఫెర్న్ సిద్ధబీజదం. సంయోగబీజాలను, అంటే ఆడ మగ బీజాలను, తయారుచేసే ఆ చిన్న రేకు సంయోగబీజదం. మొదటిదాని కణాల్లో క్రోమోజోములు రెండు సెట్లు, రెండోదానిలో ఒక్క సెట్టే. మన శరీరంలో క్షయకరణ విభజన (ఒక కణం నాలుగై, క్రోమోజోములు సగమయ్యే విభజన) జరిగితే నేరుగా స్త్రీబీజమో శుక్రకణమో వస్తుంది. మొక్కలో అలా కాదు. విభజన తర్వాత వచ్చిన కణం మరో మొక్కగా పెరిగి, ఆ మొక్క బీజకణాలను తయారు చేస్తుంది. నేల మీద మొక్కలన్నిటిదీ, నాచులాంటి మాస్ నుంచి మహావృక్షాల దాకా, ఇదే పద్ధతి. వీటినే ఏకాంతర జీవిత దశలు అంటారు.

మాస్‌లో ఈ లెక్క తలకిందులుగా ఉంటుంది. తడిగోడ మీద మెత్తగా పరుచుకునే పచ్చదనం సంయోగబీజదం. దాని మీంచి సన్నటి కాడ లేచి, చివర చిన్న గుళిక కనిపిస్తుందే, అది సిద్ధబీజదం. దానికి విడిగా బతుకు లేదు. తల్లి మీదే నిలబడి, చాలావరకు తల్లి ఇచ్చినదే తిని, సిద్ధబీజాలు రాల్చి ఎండిపోతుంది.

ఒకే జీవికి రెండు శరీరాలెందుకు? నేల మీది మొక్కలకు పూర్వీకులు మంచినీటి ఆకుపచ్చ శైవలాలు, అంటే నీళ్లలో పెరిగే పాచి వంటివి. వాటికి దగ్గరి చుట్టాలైన కారా వంటివి ఇప్పటికీ నీళ్లలో ఉన్నాయి. వాటిలో ఆడ మగ బీజాలు కలిశాక ఏర్పడే కణమే నేరుగా క్షయకరణ విభజన చెందుతుంది, రెండు సెట్ల క్రోమోజోములతో శరీరమంటూ పెరగదు. చుట్టూ నీరే కాబట్టి ఫలదీకరణకు కొదవ లేదు. నేల మీదికి వచ్చాక ఆ సుఖం పోయింది. తడి ఉన్నప్పుడే కలయిక. అలాంటి అరుదైన కలయిక నుంచి నాలుగంటే నాలుగు సిద్ధబీజాలు వస్తే ఎలా సరిపోతుంది? కలిసిన కణం ముందు ఒక శరీరంగా పెరిగి, ఆ శరీరంలో వేలకొద్దీ కణాలు విభజన చెందితే, ఒక్క కలయికకు వేల సిద్ధబీజాలు దక్కుతాయి. ఈ వివరణను బవర్ అనే బ్రిటిష్ వృక్షశాస్త్రజ్ఞుడు 1890లో ఇచ్చాడు. నాకు ఇది ఇప్పటికీ గట్టి మాటగానే కనిపిస్తుంది.

ఇక ఇద్దరి అవసరాలూ వేరయ్యాయి. సంయోగబీజదానికి నీటితో పని, అది నేలను వదల్లేదు. సిద్ధబీజదానికి గాలితో పని, ఎంత ఎత్తుకు పెరిగితే అంత దూరం సిద్ధబీజాలు పోతాయి. స్కాట్లండ్‌లోని రైనీ అనే పల్లె దగ్గర, దాదాపు 40 కోట్ల ఏళ్ల నాటి వేడినీటి ఊటల సిలికాలో చిక్కుకుని రాయైపోయిన మొక్కలు దొరికాయి. వాటిలో రెండు తరాలూ ఉన్నాయి. సంయోగబీజదం కూడా అప్పట్లో నిటారుగా నిలబడ్డ మొక్కే! ఆ తర్వాత ఫెర్న్‌ల దారిలోనూ, విత్తన మొక్కల దారిలోనూ సిద్ధబీజదం పెరుగుతూ, సంయోగబీజదం కుంచించుకుపోతూ వచ్చాయి. సిద్ధబీజదం ఇప్పుడు అమెరికాలోని కోస్ట్ రెడ్‌వుడ్ చెట్టులో 115 మీటర్ల ఎత్తు దాటుతోంది.

మరి విత్తన మొక్కల్లో సంయోగబీజదం ఎక్కడికి పోయింది? ఇదే నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే చోటు. పెద్ద మొక్క తన ఆడ సిద్ధబీజాన్ని (ఆడ సంయోగబీజదంగా మొలిచేదాన్ని) రాల్చడం మానేసి, తనలోనే దాచుకుంది. అది లోపలే మొలిచి, లోపలే సంయోగబీజదంగా పెరిగింది. మగ సంయోగబీజదం ఇంకా చిన్నదై, గాలికి ఎగిరే పరాగరేణువయింది. పైన్ గింజను అడ్డంగా కోశారనుకోండి: పై పెంకు తల్లి చెట్టుది, లోపలి తెల్లటి తిండి ఆడ సంయోగబీజదానిది, నడిమి పిండం రాబోయే చెట్టుది. ఒక్క గింజలో మూడు తరాలు!

ఈత మాత్రం వెంటనే పోలేదు. 1896లో టోక్యోలో హిరాసె సాకుగోరో గింగో చెట్టు అండంలో (గింజగా మారబోయే భాగంలో) పురుషబీజాలు ఈదడం కనిపెట్టాడు. అదే ఏడాది ఇకెనో సెయిచిరో సైకస్‌లో కూడా చూశాడు. వానకోసం ఎదురుచూడక్కర్లేకుండా, ఈదడానికి కావలసిన రెండు చుక్కల నీరు చెట్టే అండం లోపల సమకూరుస్తుంది. పైన్‌లోనూ పూల మొక్కల్లోనూ ఆ ఈత కూడా లేదు, పరాగరేణువు నుంచి పెరిగే పరాగనాళమే పురుషబీజాన్ని తీసుకెళ్లి అందిస్తుంది.

పూల మొక్కల్లో ఆడ సంయోగబీజదం సాధారణంగా ఏడే కణాలు, మగది రెండో మూడో. పువ్వును చూసి అది మొక్క తాలూకు ఆడ మగ భాగమనుకుంటాం గానీ, అసలు ఆడ మగ మొక్కలు ఆ పువ్వు లోపల కంటికి కనబడనంతగా దాక్కుని ఉన్నాయి. ఒక పురుషబీజం స్త్రీబీజంతో కలిసి పిండమవుతుంది. రెండోది నడిమి కణంతో కలిసి పిండానికి తిండి అవుతుంది. ఈ ద్విఫలదీకరణను 1898లో నవాషిన్ అనే రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. ఫలదీకరణ జరిగాకే తిండి తయారవుతుంది కాబట్టి వృథా ఉండదు. గోధుమ, మొక్కజొన్న గింజల్లో అధికభాగం ఆ తిండే.

మాస్, ఫెర్న్, పైన్ అన్నీ ఒకే కథలో అధ్యాయాలని మొదట గుర్తించినవాడు జర్మనీకి చెందిన విల్హెల్మ్ హాఫ్‌మైస్టర్. లైప్‌జిగ్‌లో కుటుంబం వారి పుస్తకాల, సంగీత ప్రచురణల వ్యాపారం చూసుకునేవాడు, విశ్వవిద్యాలయంలో చదివినవాడు కాదు. పని లేని వేళల్లో సూక్ష్మదర్శిని ముందు కూర్చుని 1851లో, ముప్పై ఏళ్లు నిండకుండానే, ఆ సంగతి అచ్చు వేయించాడు. డార్విన్ పరిణామవాదం పుస్తకంగా రావడానికి అప్పటికి ఇంకా ఎనిమిదేళ్లుంది. ఇంత గొప్ప మనిషి పేరు పాఠాల్లో అరుదుగా కనిపించడం నాకు బాధగా ఉంటుంది.

వర్గీకరణ గురించి కూడా అడిగారు. లిన్నేయస్ అనే 18వ శతాబ్దపు స్వీడన్ శాస్త్రజ్ఞుడు మొక్కలను 24 తరగతులు చేసి, ఎక్కువగా కేసరాలు లెక్కపెట్టి సర్దాడు. పువ్వు లేనివన్నీ చివరి తరగతిలోకి పోయాయి. పేరు వెతుక్కోవడానికి అది బాగా పనికొచ్చింది, చుట్టరికం మాత్రం తేలలేదు. ఇప్పుడు డీఎన్‌ఏ చూసి తేలుస్తున్నారు, పూల మొక్కలకు ఆ కొత్త పట్టిక 1998లో మొదట వచ్చింది. తామర, కలువ అక్కచెల్లెళ్లలా ఉంటాయి కదా? రెండిటినీ ఒకే కుటుంబంలో ఉంచేవారు. డీఎన్‌ఏ ప్రకారం కలువ పూల మొక్కల వృక్షంలో చాలా ముందుగా చీలిన కొమ్మ. తామరకు బతికున్న దగ్గరి చుట్టాలు ప్లేన్ చెట్టు, మకడమియా వంటి నేల మీది చెట్లు. ఫెర్న్‌లనూ వాటిలా సిద్ధబీజాలు రాల్చే లైకోపోడియం వంటివాటినీ కలిపిన టెరిడోఫైటా అన్న గుంపు కూడా ఒకే కొమ్మ కాదు. లైకోపోడియం వంటివి చాలా ముందే విడిపోయాయి, ఫెర్న్‌లు వాటికంటే విత్తన మొక్కలకే దగ్గర. పరీక్షలో పాత గుంపులే రాయండి, మనసులో మాత్రం కొమ్మలు గీసుకోండి.

చివరగా ఒక పని చెబుతాను. గోధుమ రంగు చుక్కలున్న ఫెర్న్ ఆకును తెల్లకాగితంలో మడిచి కొన్ని రోజులు ఉంచండి. రాలిన పొడిని, మరిగే నీళ్లు పోసి చల్లార్చిన మట్టి మీద చల్లి, గాజుమూత పెట్టి, ఎండ నేరుగా తగలని వెలుతురులో ఉంచండి. కొన్ని వారాలకు పచ్చదనం కనిపిస్తుంది, ఆపైన హృదయాకారపు రేకులు తెలుస్తాయి. అప్పటినుంచి అడుగున మట్టి తడిస్తే చాలదు. మరిగించి చల్లార్చిన నీటిని పైనుంచి మంచులా చల్లుతూ ఉండాలి. లేకపోతే పురుషబీజాలు ఈదలేవు, నెలలు గడిచినా రేకులు రేకులుగానే ఉండిపోతాయి. చుట్ట చుట్టుకున్న మొదటి లేత ఫెర్న్ ఆకు లేచిన రోజున నాకు రాయండి.

మీ
తాతయ్య