రంగురాళ్లు, రత్నశాస్త్రం: విశాఖలో తరచూ వినిపించే అపోహలు, అసలు సంగతులు

నర్సీపట్నం వైపు రంగురాళ్ల తవ్వకాల వార్త పేపర్లో పడిన ప్రతిసారీ విశాఖలో రెండు ప్రశ్నలు మొదలవుతాయి. "తాతల నాటి రాయి ఒకటి ఇంట్లో ఉంది, చూసి చెబుతారా?" అనేది ఒకటి. "మావాడికి డిగ్రీ అయిపోయింది, ఈ జెమాలజీ (రత్నశాస్త్రం) కోర్సు చేయిస్తే పనికొస్తుందా?" అనేది రెండోది. రెండింటి వెనకా ఉన్న నమ్మకం ఒకటే: అనుభవం పండినవాళ్లు రాయిని చూడగానే పేరు చెప్పేస్తారని. ఈ పనిలో జరిగే పొరపాట్లు చాలావరకు పుట్టేది అక్కడే కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

అపోహ: చెయ్యి తిరిగినవాళ్లకు చూపు చాలు, పరికరాలు కొత్తవాళ్లకే

చూపు అనుమానించడానికి పనికొస్తుంది, తేల్చడానికి కాదు. ఎర్రటి రాయి ఒకటి బల్ల మీద పెట్టారనుకోండి. అది కెంపు కావచ్చు, స్పినెల్, గార్నెట్, టూర్మలిన్, గాజు, ల్యాబ్‌లో పెంచిన కెంపు, ఏదైనా కావచ్చు. రంగును బట్టి వీటిని విడదీయడం ఎవరి తరమూ కాదు. ముందు వాడేది రిఫ్రాక్టోమీటర్. రాయిలోకి వెళ్లే కాంతి ఎంత వంగుతుందో, అంటే వక్రీభవన గుణకం ఎంతో అది చెబుతుంది. కెంపుకి 1.762, 1.770 అని రెండు రీడింగులు వస్తాయి. స్పినెల్‌కి 1.718 దగ్గర ఒకటే రీడింగ్, రాయిని ఎటు తిప్పినా కదలదు. టూర్మలిన్‌కి 1.624, 1.644. గాజుకీ ఒకటే రీడింగ్, సాధారణంగా 1.70కి లోపే. ఆల్మండైన్ గార్నెట్ 1.79 ప్రాంతంలో కనిపిస్తుంది, ఒక్కోసారి పరికరం హద్దయిన 1.81 దాటిపోతుంది.

రీడింగ్ సరిగ్గా రాకపోతే తప్పు తరచుగా చేతిదే. పరికరం గాజు మీద వేసే కాంటాక్ట్ లిక్విడ్ చుక్క గుండుసూది తల కంటే పెద్దదైతే చిన్న రాయి దాని మీద తేలుతుంది, గీత మసకబారుతుంది. రాయి పైముఖానికి చేతి జిడ్డు ఉన్నా అంతే. రాయిని కొద్దికొద్దిగా 180 డిగ్రీల దాకా తిప్పాలి, ఆగిన ప్రతి చోటా పోలరైజింగ్ ఫిల్టర్‌ను (కాంతిని ఒకే దిశలో వడగట్టే అద్దం) అటూ ఇటూ తిప్పి రెండు గీతలూ రాసుకోవాలి. ఒక్క చోట చూసి వదిలేస్తే కెంపుకీ ఒకటే రీడింగ్ ఉన్నట్టు కనిపించవచ్చు. ఇంకో మాట, ఆ గాజు చాలా మెత్తన. స్టీలు ట్వీజర్ తగిలితే పడిన గీత పోదు. రాయిని వేలితోనే జరపాలి. పని అయ్యాక లిక్విడ్ తుడవకుండా మూత వేస్తే స్ఫటికాలు కడతాయి, మర్నాటి రీడింగులన్నీ తప్పుతాయి. విశాఖలో సముద్రపు తేమ అదనం. మైక్రోస్కోప్ లెన్సులకు బూజు పట్టకుండా డబ్బాలో సిలికా జెల్ సంచులు ఉంచాలి, వాటిని మార్చడం మర్చిపోకూడదు.

ఇంత జాగ్రత్తగా చూసి 1.762–1.770 వచ్చినా పని అయిపోలేదు. ఫ్రెంచి శాస్త్రవేత్త వెర్నాయ్ 1902లో ప్రకటించిన పద్ధతిలో, మంటలో అల్యూమినా పొడిని కరిగించి పెంచిన కెంపుకీ అదే రీడింగ్ వస్తుంది. పదార్థం ఒకటే మరి. అక్కడ మైక్రోస్కోప్ కావాలి. ల్యాబ్ కెంపులో పెరుగుదల గీతలు వంపు తిరిగి ఉంటాయి, గుండ్రటి గాలి బుడగలు కనిపించవచ్చు. భూమిలో పుట్టిన కెంపులో ఆ గీతలు నిటారుగా, కోణాలు తిరిగి ఉంటాయి.

2004 ప్రాంతంలో మార్కెట్లోకి వచ్చిన సీసపు గాజు నింపిన కెంపులు ఇంకా పెద్ద తలనొప్పి. పగుళ్లతో పనికిరాకుండా ఉన్న కెంపు ముక్కలో గాజును కరిగించి నింపుతారు. రిఫ్రాక్టోమీటర్ మీద అది నిక్షేపంలాంటి కెంపే. రాయిని చీకటి నేపథ్యంలో, పక్క నుంచి వెలుగు పడేలా పెట్టి మెల్లగా వంచి చూడండి. పగులు వెంట నీలి మెరుపు ఒకటి పారుతుంది, గాజులో నలిగిన బుడగలు కనిపిస్తాయి. పై వెలుగులో చూస్తే గాజు ఉన్నచోట మెరుపు కాస్త మందంగా ఉంటుంది. ఇలాంటి రాయిని ఉంగరంలో ఉంచి కంసాలి మంట పెట్టినా, ఆసిడ్‌లో వేసినా గాజు దెబ్బతిని పగుళ్లు బయటపడతాయి. నిమ్మరసం కూడా దాన్ని తినేస్తుంది. వంటింట్లో ఆ ఉంగరంతో పులిహోర కలిపేవాళ్లకు ఈ సంగతి చెప్పి తీరాలి.

అపోహ: నీలాన్ని పాలలో వేస్తే పాలు నీలంగా కనిపించాలి

ముదురు నీలి గాజు వేసినా అలాగే కనిపిస్తుంది. ఊదితే ఆవిరి వెంటనే పోవాలనేది కూడా అంతంతమాత్రమే. ఇక గాజు మీద గీసి చూడటం చేయకూడని పని. మోస్ స్కేలు మీద గాజు గట్టిదనం 5.5 దగ్గర ఉంటుంది, 7 ఉన్న మామూలు స్ఫటికం (క్వార్ట్జ్) కూడా దాన్ని గీస్తుంది. గీత పడిందని నమ్మేలోపు రాయి అంచు చిట్లుతుంది.

ఇంట్లో చేయదగ్గది ఒకటుంది, నీటిలో తూచడం. రాయిని గాలిలో తూచి, సన్నటి తీగ బుట్టలో పెట్టి నీటిలో ముంచి మళ్లీ తూస్తారు. గాలిలో 5.24 క్యారెట్లు, నీటిలో 3.93 అనుకుందాం. తగ్గింది 1.31. 5.24ని 1.31తో భాగిస్తే 4.00. కెంపు, నీలం, కనకపుష్యరాగం అన్నిటి సాంద్రతా ఇదే. మామూలు గాజుకీ స్ఫటికానికీ అంత రాదు, స్ఫటికానిది 2.65. సీజెడ్ (క్యూబిక్ జిర్కోనియా, వజ్రంలా కనిపించే ల్యాబ్ రాయి) రాయికి 5.8 ప్రాంతంలో వస్తుంది. నీటిని మరిగించి చల్లార్చాలి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేయాలి. లేకపోతే రాయికి అంటుకున్న గాలి బుడగ దాన్ని పైకి లేపి లెక్క చెడగొడుతుంది. చిన్న రాళ్లకు ఈ పద్ధతి నమ్మొద్దు. తక్కెడలో 0.01 క్యారెట్ తేడా వచ్చిందంటే అర క్యారెట్ కెంపు సాంద్రత 3.70కీ 4.35కీ మధ్య ఎక్కడైనా తేలవచ్చు.

అపోహ: టెస్టర్ కూత పెడితే వజ్రమే

పెన్నులా ఉండే టెస్టర్ కొలిచేది వేడి ఎంత త్వరగా పాకుతుందన్నదే. వజ్రంలా మెరిసే మొయిసనైట్ అనే వేరే రాయికీ కూస్తుంది, ల్యాబ్ వజ్రానికైతే కూసి తీరాలి, ఎందుకంటే అదీ వజ్రమే. మొయిసనైట్‌ను పట్టుకోవడం తేలిక. 10ఎక్స్ లూప్‌తో (పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం) ముఖం మీద నుంచి కాక ఏటవాలుగా, పక్క ముఖాల గుండా చూడాలి. వెనకవైపు అంచులు జంటగా కనిపిస్తాయి. వజ్రంలో అలా కనిపించవు. సీవీడీ (వాయువు నుంచి), హెచ్‌పీహెచ్‌టీ (అధిక ఒత్తిడి, వేడితో) పద్ధతుల్లో పెంచిన ల్యాబ్ వజ్రాన్ని మాత్రం లూప్‌తో తేల్చడం కుదరదు, స్పెక్ట్రోమీటర్లున్న ల్యాబ్‌కి పంపాల్సిందే. "ల్యాబ్ వజ్రం నకిలీ" అనడం తప్పు, "ధర ఒకటే" అనడం అంతకంటే పెద్ద తప్పు.

లూప్ పట్టుకోవడంలోనే సగం మంది తడబడతారు. లూప్ కంటికి ఆనించాలి, రాయి లూప్‌కి ఒక అంగుళం దూరంలో ఉండాలి, రెండు కళ్లూ తెరిచే ఉంచాలి.

అపోహ: మచ్చ లేని రాయే అసలుది

చవక గాజులోనూ మచ్చ లేకపోవచ్చు. పచ్చలో మచ్చలు, పొరలు లేవంటే ముందు అనుమానం రావాలి. కొలంబియా పచ్చల్లో ఒకే గదిలో ద్రవం, గాలి బుడగ, ఉప్పు స్ఫటికం మూడూ కలిసి కనిపించడం ప్రసిద్ధం. రాయి ఎక్కడ పుట్టిందో, వేడి చేశారో లేదో చెప్పేవి ఈ మచ్చలే. పచ్చల పగుళ్లలో దేవదారు నూనె పట్టించడం పాత పద్ధతి, వ్యాపారంలో ఒప్పుకున్నదే. అందుకే పచ్చ ఉన్న నగని అల్ట్రాసోనిక్ యంత్రంలో వేసి కడగకూడదు. నూనె పోతే దాగిన పగుళ్లన్నీ తేలతాయి.

అపోహ: మన కొండ రాయి రంగు మారితే అలెగ్జాండ్రైటే

గొలుగొండ మండలం కరక కొండ పేరు రంగురాళ్ల వల్లే అందరి నోటా పడింది. తూర్పు కనుమల్లో క్రిసోబెరిల్ జాతి రాళ్లు ఉన్న మాట నిజం. అందులో పిల్లికన్ను గీత ఉన్నదే మన వైడూర్యం, పగటి వెలుగులో పచ్చగా, ఫిలమెంట్ బల్బు కింద ఎర్రగా కనిపించేది అలెగ్జాండ్రైట్. అయితే "కరక రాయి" పేరుతో చేతులు మారేవాటిలో వనేడియం కలిపి ల్యాబ్‌లో పెంచిన నీలం కూడా ఉండొచ్చు. దానికీ రంగు మారుతుంది, కాకపోతే బూడిద నీలం నుంచి వంగపండు రంగుకి. క్రిసోబెరిల్‌కి 1.746–1.755, ఆ ల్యాబ్ రాయికి 1.762–1.770. రెండో దశాంశంలోనే తేడా తెలిసిపోతుంది. స్పెక్ట్రోస్కోప్‌లో (కాంతిని రంగులుగా విడదీసి చూపే పరికరం) 475 నానోమీటర్ల దగ్గర సన్నటి గీత కనిపిస్తే అది ఆ ల్యాబ్ నీలమే, ఇంక సందేహం అక్కర్లేదు. డైక్రోస్కోప్‌తో (వేర్వేరు దిశల్లో రాయి చూపే రంగులను పక్కపక్కన చూపే చిన్న గొట్టం) రాయిని తిప్పుతూ చూస్తే అలెగ్జాండ్రైట్ మూడు రంగులు చూపిస్తుంది, నీలం రెండే. అలెగ్జాండ్రైట్‌ని కూడా ల్యాబ్‌లో పెంచుతారు కాబట్టి కొలతలు కుదిరినా సహజమైనదో కాదో మైక్రోస్కోప్ కింద తేల్చాలి. ఎల్‌ఈడీ బల్బు కింద రంగు మార్పు చూసి నిర్ణయించకండి, అందులో రంగుల పంపిణీ వేరు.

వైడూర్యం పేరుతో అమ్మే ఫైబర్ గాజు పూసను లూప్‌తో పక్క నుంచి చూస్తే తేనెపట్టు గదుల్లాంటి అల్లిక కనిపిస్తుంది. అంతటితో దాని కథ ముగిసినట్టే.

లీజు లేకుండా కొండ తవ్వడం 1957 నాటి గనుల చట్టం కింద నేరం. అక్కడి నుంచి "చవగ్గా" వచ్చిన రాయి కొంటే కాగితం ఉండదు, ఏ పేరున్న షోరూమూ తీసుకోదు. జెమాలజిస్టుగా పేరు నిలబెట్టుకోవాలంటే ఆ లావాదేవీల దరిదాపుల్లో ఉండకపోవడమే మంచిది.

అపోహ: ఆర్కే బీచ్ ఇసుకలోనే గార్నెట్ ఉందిగా, ఏరుకుంటే పోలా

ఉంది. అల వెనక్కి వెళ్లాక ఇసుక మీద మిగిలే ఊదా ఎరుపు చారలు గార్నెట్, నల్లవి ఇల్మనైట్. కైలాసగిరి, సింహాచలం కొండల ఖొండలైట్ రాయి అరిగి వచ్చిన సరుకది. రేణువులు మిల్లీమీటరుకి లోపే కాబట్టి సానపట్టడానికి పనికిరావు. చదువుకి మాత్రం బంగారం. చిటికెడు ఇసుక, 10ఎక్స్ లూప్, నియోడిమియం అయస్కాంతం ఉంటే చాలు, ఇనుము ఉన్న గార్నెట్ అయస్కాంతానికి ఎలా స్పందిస్తుందో కళ్లారా చూడొచ్చు. చిటికెడు దాటి బస్తా నింపితే అది వేరే కేసు.

అపోహ: సర్టిఫికెట్ ఉంటే చాలు

కాగితం ఉంది సరే, అది ఈ రాయిదేనా? బరువు రెండో దశాంశం దాకా, పొడవు వెడల్పులు మిల్లీమీటర్లలో సరిపోవాలి. తర్వాత కింద చిన్న అక్షరాల్లో ఉన్న వ్యాఖ్యలు చదవాలి. పైన పెద్దగా "సహజ కెంపు" అని రాసి, కింద "పగుళ్లలో గాజు ఉంది" అని చెప్పే కార్డులు బోలెడు. ధర ఎంతో ఆ రిపోర్టు చెప్పదు. జాతకానికి నప్పుతుందో లేదో అసలే చెప్పదు, అది జెమాలజిస్టులమైన మా పని కాదు. అయితే సిద్ధాంతిగారు కనకపుష్యరాగం చెబితే షాపులో సిట్రిన్ అంటగట్టారో లేదో చెప్పడం మాత్రం కచ్చితంగా మా పనే. సిట్రిన్‌కి 1.544–1.553, కనకపుష్యరాగానికి 1.762–1.770. ఐదు నిమిషాల పని.

అపోహ: జియాలజీ చదివినవాళ్లకో, నగల వ్యాపారుల పిల్లలకో తప్ప కుదరదు

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జియాలజీ చదివినవాళ్లకు ఖనిజాలు, కాంతి ధర్మాలు ముందే తెలిసి ఉంటాయి, మొదటి నెలలు సులువు. కానీ అక్కడ రాయిని 0.03 మిల్లీమీటర్ల పొరగా అరగదీసి చూస్తారు, ఇక్కడ రాయికి గీత కూడా పడకూడదు. ఆ అలవాటు మార్చుకోవడానికి టైం పడుతుంది. వ్యాపార కుటుంబం వాళ్లకు అప్పు పుట్టడం, సరుకు దొరకడం తేలిక. పరీక్షలో మాత్రం వాళ్లకు ఏ రాయితీ ఉండదు. నిజంగా అడ్డొచ్చేది రంగులు గుర్తించే చూపు. ఫీజు కట్టేముందే కంటి డాక్టరు దగ్గర ఇషిహారా పరీక్ష చేయించుకోండి.

అపోహ: కోర్సు పూర్తయితే విశాఖలోనే ల్యాబ్ ఉద్యోగం

1931లో అమెరికాలో మొదలైన జీఐఏ (జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా) వాళ్ల గ్రాడ్యుయేట్ జెమాలజిస్ట్ డిప్లొమాకి, బ్రిటన్ రత్నశాస్త్ర సంఘమైన జెమ్-ఏ వాళ్ల ఎఫ్‌జీఏ అర్హతకి ఎక్కడైనా విలువ ఉంది. జీఐఏ క్యాంపస్ ముంబైలో ఉంది, ఫీజు లక్షల్లో ఉంటుంది. అక్కడి చివరి ప్రాక్టికల్‌లో 20 రాళ్లిస్తారు, 20కి 20 సరిగ్గా చెబితేనే పాస్. 19 చెప్పినా మళ్లీ రాయాల్సిందే. కఠినమే కానీ న్యాయం. బజార్లో 20వ రాయి తప్పు చెబితే నష్టం కొన్నవాళ్లదే కదా.

ఉద్యోగాల సంగతికొస్తే రంగురాళ్లకు జైపూర్, వజ్రాలకు సూరత్, ముంబై, ముత్యాలకు హైదరాబాద్. మొదటి రెండు మూడేళ్లు ఊరు వదలాల్సి రావచ్చు, హిందీ తప్పనిసరి. విశాఖలో ఉన్నది ఎక్కువగా షోరూముల కొనుగోళ్లు, నాణ్యత తనిఖీ పని. బ్యాంకుల్లో బంగారం విలువ కట్టే అప్రైజర్ పని ఇందులోకి రాదు, దాని దారి వేరు.

కోర్సులో చేరేముందే పాతిక చవక రాళ్లు పోగేసుకోండి: అమెథిస్ట్, పెరిడాట్, గార్నెట్, టోపాజ్, టూర్మలిన్, జిర్కాన్, సీజెడ్, గాజు, ల్యాబ్ స్పినెల్. ఒక్కోదానికి నోట్‌బుక్‌లో ఒక పేజీ. బరువు, రీడింగులు, సాంద్రత, లోపల కనిపించినవి రాసుకుని, పేరు ఆఖరున రాయాలి. పేరు ముందు రాస్తే కొలతలు ఆ పేరుకి తగ్గట్టే కనిపించడం మొదలవుతాయి.

ఏ సంస్థలో చేరబోయినా ఫీజు కంటే ముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. కోర్సు మొత్తంలో ఒక్కో విద్యార్థి చేతికి ఎన్ని రాళ్లు వస్తాయి? వాటిలో ల్యాబ్ రాళ్లు, ట్రీట్ చేసినవి (వేడి చేసినవి, గాజో నూనో నింపినవి) ఎన్ని? ఎంతమందికి ఒక మైక్రోస్కోప్? ల్యాబ్ గది క్లాసు లేని వేళల్లో తెరిచి ఉంటుందా? జవాబు తడబడితే ఆ ఫీజుతో ఒక మంచి రిఫ్రాక్టోమీటర్ కొనుక్కోవడం నయం.