కొత్త ప్రాసెసర్ వచ్చేదాకా ఆగాలా? లాప్‌టాప్ కొనేముందు కొన్ని అపోహలు - వాస్తవాలు

లాప్‌టాప్‌లు విప్పి బాగుచేయడం నా వృత్తి. "ఏది కొనమంటారు?" అని అడిగేవాళ్లకంటే "ఇప్పుడే కొనమంటారా, కొత్త ప్రాసెసర్లు వచ్చేదాకా ఆగమంటారా?" అని అడిగేవాళ్లే ఈమధ్య ఎక్కువయ్యారు. పాత మెషీన్‌తో అవస్థ పడుతూ నెలల తరబడి ఎదురుచూస్తున్నవాళ్లను చూస్తే బాధేస్తుంది. వాళ్లు చెప్పే కారణాల్లో చాలావరకు నిలబడవు.

అపోహ: పేరు కొత్తదైతే లోపలి చిప్ కూడా కొత్తదే.

అన్నిటికంటే ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఏఎండీ కంపెనీ లాప్‌టాప్ ప్రాసెసర్లు, రైజెన్ 7000 సిరీస్ సంగతే చూడండి. 7520యూ, 7530యూ, 7540యూ పక్కపక్కన పెడితే ఒకే కుటుంబంలా కనిపిస్తాయి. అసలు విషయం మూడో అంకెలో ఉంది. జెన్ అన్నది చిప్ లోపలి డిజైన్ పేరు. అక్కడ 2 ఉంటే జెన్ 2, 3 ఉంటే జెన్ 3, 4 ఉంటే జెన్ 4. జెన్ 2 డిజైన్ 2019 నాటిది. అంటే 7000 అన్న అంకె చూసి కొన్నవాళ్లలో కొందరికి దక్కింది నాలుగు కోర్ల పాత డిజైనే.

ఇంటెల్‌దీ ఇదే వరస. 2024 జనవరిలో వచ్చిన కోర్ 7 150యూ, అంతకుముందటి 13వ జనరేషన్‌లో వాడిన రాప్టర్ లేక్ డిజైనే. నిజంగా కొత్త డిజైన్ అయిన మీటియర్ లేక్ అప్పటికే కోర్ అల్ట్రా పేరుతో వచ్చి ఉంది. రెండూ ఒకే ఏడాది మోడళ్లుగా అమ్ముడయ్యాయి. అందుకే "కొత్తది వస్తోందట" అని విన్నప్పుడు, పూర్తి మోడల్ నంబర్‌ని నెట్‌లో వెతికి, దాని ఆర్కిటెక్చర్ (లోపలి డిజైన్) పేరేమిటో చూడండి. అది పాతదే అయితే ఇక ఆగి లాభం లేదు.

అపోహ: నా లాప్‌టాప్ స్లో అయింది కాబట్టి ప్రాసెసర్ పాతబడిపోయింది.

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. లాప్‌టాప్ హ్యాంగ్ అయినట్టు ఉన్నప్పుడే చూడాలి. నా దగ్గరికొచ్చే మెషీన్లలో తరచూ కనిపించేది ఒకటే: సీపీయూ, అంటే ప్రాసెసర్, పదీ పదిహేను శాతం దగ్గర తీరిగ్గా ఉంటుంది, మెమరీ (ర్యామ్) తొంభై దాటి ఉంటుంది, హార్డ్ డిస్క్ ఉన్నదైతే డిస్క్ నూరు శాతం కొట్టుకుంటూ ఉంటుంది. ఇలాంటి వాటికి కావలసింది కొత్త ప్రాసెసర్ కాదు, అదనపు ర్యామ్, హార్డ్ డిస్క్ బదులు వేగంగా పనిచేసే ఒక ఎస్ఎస్‌డీ.

ఇంకో రకం కూడా ఉంది. కింది మూత విప్పి ఫ్యాన్ పక్కకు తీస్తే, దాని వెనక రాగి, అల్యూమినియం రెక్కల మధ్య దుమ్ము మందపాటి గుడ్డలా అట్టకట్టి ఉంటుంది. చిప్ వేడిని బయటికి లాగడానికి దానిమీద పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి పొడిపొడిగా రాలుతుంది. వేడి బయటికి పోయే దారి లేక చిప్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. శుభ్రం చేసి, పేస్ట్ మార్చితే మళ్లీ హాయిగా పనిచేసేవి ఎన్నో.

అపోహ: ప్రాసెసర్ ఒకటే అయితే స్పీడ్ కూడా ఒకటే.

కాదు. ఒకే చిప్‌ని ఒక కంపెనీ సన్నటి బాడీలో 15 వాట్లకు పరిమితం చేస్తుంది, మరో కంపెనీ మంచి కూలింగ్ ఇచ్చి 28 వాట్ల దాకా వదులుతుంది. పెద్ద పనుల్లో తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. కూలింగ్ బాగున్న పోయినేటి మోడల్, కూలింగ్ సరిగాలేని ఈ ఏటి మోడల్‌ని దాటేయడం మామూలే. రివ్యూ చూసేటప్పుడు ఆ లాప్‌టాప్‌దే చూడండి, చిప్‌ది కాదు.

అపోహ: కొత్తవి రాగానే పాతవి చవకైపోతాయి.

కొన్ని అవుతాయి. కానీ 16 జీబీ ర్యామ్ ఉన్న మంచి మోడళ్లు ముందే అయిపోతాయి. మిగిలేవి ఎక్కువగా 8 జీబీవి, వాటిలో ర్యామ్‌ని బోర్డుకే సోల్డర్ చేసినవి చాలా ఉంటాయి. తర్వాత పెంచుకుందామన్నా కుదరదు. పైగా ధర ప్రాసెసర్ ఒక్కదాని మీదే ఆధారపడదు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివర్లో మెమరీ ధరలు బాగా పెరిగాయి. తగ్గుతుందని ఆగినవాళ్లకు అది ఎదురుదెబ్బే.

అపోహ: అయితే ఎప్పుడూ ఆగకూడదు.

ఇదీ తప్పే. ఇంటెల్ చిప్‌లు వదిలి సొంత చిప్‌లకు మారుతున్నామని ఆపిల్ 2020 జూన్‌లోనే చెప్పింది, నవంబర్‌లో ఎం1 చిప్ వచ్చింది. మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యాన్ అవసరమే లేకుండా పోయింది, కంపెనీ లెక్క ప్రకారమే వెబ్ చూసే సమయం 11 గంటల నుంచి 15 గంటలకు పెరిగింది. ఆ కొద్ది నెలలు ఆగినవాళ్లు నిజంగా బాగుపడ్డారు. డిజైనే మారుతోందని కంపెనీ అధికారికంగా చెప్పి, విడుదలకు కొద్ది నెలలే ఉండి, మీ పాతది ఇంకా పని నడిపిస్తుంటే ఆగండి. పుకార్లు విని మాత్రం ఆగకండి. ప్రకటించిన చిప్ కూడా మీకు నచ్చిన మోడల్‌లోకి రావడానికి నెలలు పట్టవచ్చు.

అపోహ: ఆగితే పోయేదేముంది?

పాత లాప్‌టాప్ బాగున్నంతవరకు ఏమీ పోదు. కానీ టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుంటే, కింది మూత ఉబ్బి బల్ల మీద లాప్‌టాప్ ఊగుతుంటే, లోపల బ్యాటరీ ఉబ్బిందేమో అనుమానించాలి. దాన్ని నొక్కవద్దు, చార్జింగ్‌కి పెట్టవద్దు. కొత్తది ఎప్పుడు కొన్నా సరే, ఆ బ్యాటరీని మాత్రం వెంటనే తెలిసినవాళ్ల చేత తీయించండి. డేటా బ్యాకప్ లేకపోతే, లోపలి ఎస్ఎస్‌డీని బయటికి తీసి వేరే కంప్యూటర్‌కి తగిలించి ఫైళ్లు కాపీ చేసిపెట్టమని వాళ్లనే అడగండి.