పండక్కి స్వీట్ బాక్సు, పెట్టెలో పాత బిల్లు: వ్యాపారంలో కృతజ్ఞతపై అపోహలు – వాస్తవాలు

విజయవాడ వన్‌టౌన్‌లో బట్టల హోల్‌సేల్ షాపులకు లెక్కలు చూడటం నా పని. దసరా దగ్గర పడుతుందంటే ప్రతి షాపులోనూ ఒకటే హడావుడి. ఎవరికి స్వీట్ బాక్సు, ఎవరికి వెండి నాణెం, ఎవరికి ఉత్త డైరీ అని లిస్టు రాస్తారు. ఖర్చు ఏ పద్దు కింద వేయాలో చెప్పమని అది నా టేబుల్ మీదికి వస్తుంది. అక్కడే ఇవ్వాల్సిన బాకీల లిస్టు కూడా ఉంటుంది. చాలా పేర్లు రెండింటిలోనూ కనిపిస్తాయి.

అపోహ: పండక్కి మంచి గిఫ్ట్ పంపితే సప్లయర్ మనల్ని గుర్తుపెట్టుకుంటాడు.

గుర్తుపెట్టుకుంటాడు, కానీ మీరనుకున్నట్టు కాదు. చీరలకు ఎంబ్రాయిడరీ చేసిచ్చే చిన్న యూనిట్ అనుకోండి. ఆషాఢం సేల్ కోసం చేసిచ్చిన పనికి దీపావళి వచ్చినా డబ్బు అందలేదు. కాజూ బర్ఫీ డబ్బా మాత్రం అందింది, మూత మీద బంగారు రంగులో ‘మీ సహకారానికి ధన్యవాదాలు’. ఆయన దాన్ని అలాగే పనివాళ్ల చేతికిచ్చేసి సాయంత్రం ఫోన్ చేస్తాడు: “స్వీట్లు అందాయండీ. ఆ పాత బిల్లు సంగతి కాస్త చూడండి.”

ఇక్కడ చట్టం కూడా ఆయన పక్షానే ఉంది. ఉద్యమ్‌లో (చిన్న పరిశ్రమల కోసం కేంద్రం పెట్టిన రిజిస్ట్రేషన్‌లో) నమోదైన సూక్ష్మ, చిన్న తయారీ లేదా సేవల యూనిట్‌కి రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. 2023–24 నుంచి ఇంకో మెలిక వచ్చింది. గడువు దాటిన ఆ బాకీ మార్చి 31 నాటికి కూడా ఇవ్వకపోతే, ఆదాయపన్ను లెక్కలో ఆ ఏడాది దాన్ని ఖర్చుగా చూపించుకోలేం. ఇచ్చిన ఏడాదే చూపించాలి. కొని అమ్మే వ్యాపారులకు మాత్రం ఈ రక్షణ లేదు.

చేతిలో డబ్బు ఆడని నెల ఎవరికైనా వస్తుంది. అప్పుడు మనమే ఫోన్ చేసి “పదో తారీఖుకి సగం, మిగతాది నెలాఖరుకి” అని చెప్పి, చెప్పినట్టు ఇస్తే స్వీట్ బాక్సు అక్కర్లేదు. గుమస్తా చేత “అయ్యగారు ఊళ్లో లేరు” అనిపించే షాపుకి మాత్రం ఎన్ని బాక్సులు పంపినా లాభం లేదు.

అపోహ: బోనస్ అంటే ఓనర్ దయ.

20 మందికి తగ్గకుండా పనిచేసే చోట, జీతం చట్టం చెప్పిన పరిమితి లోపు ఉంటే, ఏడాదిలో 30 రోజులు పనిచేసినవారికి కూడా బోనస్ హక్కు. కనీసం 8.33 శాతం, గరిష్ఠం 20 శాతం. మార్చితో లెక్కల సంవత్సరం ముగిసిన 8 నెలల్లో, అంటే నవంబరు నెలాఖరులోగా ఇవ్వాలి. ఇవ్వాల్సింది ఇచ్చి దాన్నే కృతజ్ఞతగా చెప్పుకుంటే పనివాళ్లు నవ్వుకుంటారు. అంతమంది లేని షాపులో ఇచ్చేది మాత్రం నిజంగా మీ మనసుకు సంబంధించిందే.

అపోహ: మెచ్చుకుంటే నెత్తికెక్కి కూర్చుంటారు.

‘మీరంతా నా కుటుంబం’ అని మైకులో చెబితే ఎవరికీ ఏమీ ఎక్కదు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. “బాబాయ్, నిన్న కర్నూలు పార్టీ బేల్‌లో రెండు చీరలు తక్కువున్నాయని నువ్వు పట్టుకోబట్టి సరిపోయింది, లేకపోతే మాటపడేవాళ్లం” అని కౌంటర్ దగ్గర నలుగురూ వింటుండగా అంటే ఆ మాట ఇంటిదాకా వెళ్తుంది. ఆ తర్వాత జీతం పెంచమంటాడేమో అని మీ టెన్షన్. అడగనివ్వండి. అడక్కుండా పక్క షాపులో చేరిపోవడం కన్నా నయం కదా!

అపోహ: గిఫ్టులు పెద్ద పార్టీలకే.

పండగ సీజన్‌లో లారీలో జాగా లేనప్పుడు మన బేళ్లు ముందు ఎక్కించేది ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు బుకింగ్ గుమస్తా, ముఠా కూలీలు. లిస్టులో వాళ్లు ఉండరు. దసరా మామూలు వాళ్లు వచ్చి అడిగేదాకా ఆగకండి. ఆయుధపూజ రోజు పొద్దున్నే పేరు పెట్టి పిలిచి ఇవ్వండి.

అపోహ: పని చేసిపెట్టిన అధికారికి పండగ కానుక మర్యాదే.

కాదు. అవినీతి నిరోధక చట్టానికి 2018లో వచ్చిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవాడికి కూడా ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. పండగ పేరు పెట్టినంత మాత్రాన అది కానుక అయిపోదు.

అపోహ: గిఫ్ట్ ఖర్చు ఎలాగూ ట్యాక్స్‌లో కలిసొస్తుంది.

ఉచితంగా పంచిన వస్తువుల మీద కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే ఆ పన్నును మనం కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోలేం. డీలర్‌కో ఏజెంట్‌కో వ్యాపారరీత్యా ఇచ్చే ప్రయోజనం విలువ ఏడాదిలో 20 వేలు దాటితే 2022 జూలై నుంచి 10 శాతం టీడీఎస్ (ఇచ్చేవాళ్లే ముందుగా మినహాయించి కట్టే పన్ను) ఉంది. గోవా ట్రిప్పయినా, బంగారు నాణెమైనా అంతే. గతేడాది అమ్మకాలు కోటి దాటని సొంత వ్యాపారులకు ఈ తలనొప్పి లేదు. మిగతావాళ్లు టికెట్లు బుక్ చేయకముందే ఆడిటర్‌కి ఒక మాట చెప్పండి. బుక్ చేసి వచ్చాక చెబితే ఆ టీడీఎస్ మీ జేబులోంచే కట్టాల్సి వస్తుంది.